ఇద్దరూ ఒకే గంట కొట్టాలి

సంపాదకులు గారికి నమస్కారం.

2025 ఆగస్టులో వీధికుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చిన దగ్గర్నుంచీ మీ ఉత్తరాల పేజీలో కుక్కల చర్చ ఆగలేదు. పట్టుకుపోయి షెల్టర్లలో పెట్టాలని కొందరు, సంతాన నియంత్రణ ఆపరేషన్లు సరిగ్గా చేస్తే చాలని కొందరు, వీధిలో అన్నం పెట్టేవాళ్లదే తప్పని మరికొందరు రాశారు. అన్నీ చదివాను. ఆ వీధిలోకి కొన్ని కుక్కలు మన ఇళ్లలోంచే వస్తున్నాయని, అవి ఎందుకు వస్తున్నాయో మాత్రం ఎవరూ రాయలేదు. నాకు తెలిసింది చెబుతాను. ఇది మా ఇంట్లో జరిగింది కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

నేను రాజమండ్రిలో ఉంటాను. ఆర్టీసీలో 33 ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం రావులపాలెం మీదుగా అమలాపురం వెళ్లే బండ్లలోనే గడిచింది. కిందటి వానాకాలంలో మా వీధి చివరికి ఒక లాబ్రడార్ వచ్చి చేరింది. మెడకి ఎర్ర పట్టీ ఉంది. వచ్చిన ప్రతి స్కూటరు వెనకా కొంత దూరం పరిగెత్తి, ముఖం చూసి, మళ్లీ వెనక్కి వచ్చి ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ పక్కన కూర్చునేది. తనవాళ్లేమోనని వెతుక్కుంటోందని అర్థం కావడానికి నాకు రెండ్రోజులు పట్టింది. అది ఎవరిదో తర్వాత తెలిసింది. ఆ ఇంటాయన్ని అడిగితే, ‘మా ఆవిడకి పడటం లేదండీ, ఇల్లంతా పీకి పందిరేస్తోందని గొడవ’ అన్నాడు. ఆవిడ లోపల్నుంచి, ‘ఆయనే నెత్తికెక్కించుకుని పాడుచేశారు, నా మాటంటే దానికి లెక్కలేదు’ అంది. పెంచిన జంతువుని సరైన కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ సంగతి ఆయనకి చెప్పాను. కానీ ఆ భార్యాభర్తలు అన్న రెండు మాటలూ విని నేను మనసులో వణికిపోయాను. ఏడాదిన్నర కిందట మా ఇంట్లోనూ అవే మాటలు నడిచాయి.

మాది నాటు కుక్క. పేరు మోతీ. పక్క అపార్ట్‌మెంటు సెల్లారులో పుట్టిన ఐదు పిల్లల్లో ఒకడు. మా ఆవిడే చీర చెంగులో పెట్టుకుని తెచ్చింది. మొదటి వారంలోనే వాడికి రెండు పేర్లు పడ్డాయి. నేను మోతీ అంటే, తను బుజ్జీ అనేది. మా మనవణ్ణీ బుజ్జీ అనే పిలుస్తుంది. వాడికి పాలు తాగమని పిలిస్తే కుక్కపిల్ల పరిగెత్తుకొచ్చేది. అప్పుడు అందరం ముచ్చటపడ్డాం. అదే మొదటి పొరపాటు అని అప్పుడు తోచలేదు.

ఆ తర్వాత అన్నీ రెండు రెండుగానే సాగాయి. పొద్దున్నే ఐదున్నరకి నేను గోదావరి గట్టుకి తీసుకెళ్లేవాణ్ణి. నాకు బద్ధకం వేసిన రోజు తను మేడ మీదకి వదిలేది. దాంతో వాడికి మేడా ఒకటే, గట్టూ ఒకటే అయింది, ఉతికిన బట్టలు ఆరేసిన చోటే పోసేవాడు. నేను వాణ్ణి సోఫా ఎక్కనిచ్చేవాణ్ణి. తను దింపేసేది. భోజనాల దగ్గర పెట్టొద్దని తను ఖచ్చితంగా చెప్పింది. నేను బల్ల కింద నుంచి ఇడ్లీ ముక్కో, పెరుగన్నం ముద్దో జారవిడిచేవాణ్ణి. ఉల్లి పెసరట్టు కూడా పెట్టాను. ఉల్లిపాయ కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తుందని తర్వాత డాక్టరమ్మ చెప్పినప్పుడు నా చేతుల్లో చల్లటి చెమట పట్టింది. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్టు కూడా పెట్టకూడదట. కుక్కల్ని పెంచే ప్రతి ఇంట్లోనూ ఇది తెలియాలి కాబట్టి ఇక్కడే రాసేస్తున్నాను.

అన్నిటికంటే పెద్ద తేడా మీద పడటం దగ్గర వచ్చింది. నేను బయట్నుంచి రాగానే వాడు ముందు కాళ్లెత్తి నా గుండెల మీద వేసేవాడు. నాకది ప్రాణం. రెండు చేతులతో పట్టుకుని నిమిరేవాణ్ణి. అదే పని తన మీద చేస్తే నూలు చీరలు గోళ్లకి పట్టుకుని చిరిగిపోయేవి. ‘పో, ఛీ, దిగు’ అని అరిచేది. ‘మీరు అలవాటు చెయ్యకండీ’ అని ఎన్నిసార్లు చెప్పిందో. ‘కుక్క అన్నాక గెంతదా’ అనేవాణ్ణి.

ఒక ఆదివారం మా అత్తగారు వచ్చారు. ఆవిడకి 80 దాటాయి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ వంగిన మనిషి మీదకి వాడు సంతోషంతోనే గెంతాడు. ఆవిడ వెనక్కి పడి చెయ్యి ఆన్చారు. కుడి ముంజేతి ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ ఆవిడకి అన్నం మా ఆవిడే కలిపి తినిపించింది. అత్తగారు ఒక్క మాట అనలేదు. కానీ ఇంట్లో మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయాం.

ఆ రాత్రి నేను చేసిన పని ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. మీ పత్రికనే చుట్టచుట్టి వాణ్ణి కొట్టాను. తర్వాత కూడా మూడు నాలుగు సార్లు అలాగే కొట్టాను. దానివల్ల గెంతడం మానలేదు. పొద్దున్న వరండాలో కూర్చుని నేను పేపరు విప్పగానే, ఆ గలగల చప్పుడుకి వాడు తోక కాళ్ల మధ్య పెట్టుకుని మంచం కిందకి దూరిపోవడం మాత్రం నేర్చుకున్నాడు. వాణ్ణి పొద్దున్నే నిమిరిందీ నేనే, అదే కాగితంతో కొట్టిందీ నేనే. నోరులేని జీవికి ఇందులో ఏది నిజం అనుకోవాలో ఎలా తెలుస్తుంది?

మా ఆవిడ చివరికి, ‘ఎవరికైనా ఇచ్చేద్దామండీ’ అంది. వాణ్ణి చెంగులో తెచ్చిన మనిషే ఆ మాట అంది. శిక్షణ ఇచ్చేవాళ్ల దగ్గర వదులుదామని ఒకచోట కనుక్కున్నాం. నెలకి 12,000 అడిగారు. పోనీ ఇద్దామన్నా, అలా నేర్చుకొచ్చిన కుక్క అక్కడ వాళ్ల మాట వింటుంది గానీ, ఇంటికొచ్చాక మన రెండు నాలుకల మధ్య ఎన్నాళ్లు నిలుస్తుంది? హైదరాబాదు దగ్గర మొయినాబాద్‌లో పోలీసు జాగిలాలకి శిక్షణ ఇచ్చే కేంద్రం ఉంది. అక్కడ కూడా జాగిలం ఒక్కదాన్నే తయారుచేయరు, దాన్ని చూసుకునే కానిస్టేబులునీ జతగా కూర్చోబెట్టి నేర్పుతారు. పట్టుకునే మనిషి మారకుండా కుక్క ఒక్కటే మారదు.

మాకు దారి చూపింది ప్రభుత్వ పశువైద్యశాలలో ఒక డాక్టరమ్మ. రేబిస్ టీకాకని వెళ్లాం, అత్తగారు పడిన సంగతి చెప్పాం. ఆవిడ, ‘ఇంట్లో ఎవరి మాట వింటుందండీ?’ అని అడిగారు. ‘నా మాటే’ అన్నాం, ఇద్దరం ఒకేసారి. ఆవిడ నవ్వలేదు. మందుల చీటీ రాసే కాగితాలు చెరొకటి ఇచ్చి, ఒకరిదొకరు చూడకుండా రాయమన్నారు. కూర్చోమనడానికి ఏమంటారు, మీద పడితే ఏమంటారు, దగ్గరికి రమ్మనడానికి ఏమంటారు. కాంపౌండరు బల్ల మీద ఒకరం, కిటికీ గట్టు మీద ఒకరం పెట్టుకుని రాశాం.

ఆ రెండు కాగితాలూ ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. నా కాగితం మీద: సిట్, కూర్చో, నో, వద్దురా, కమాన్. తన కాగితం మీద: కూచోమ్మా, దిగు, పో, ఛీ, ఇటు రా నీ పని చెబుతా. రెండిట్లోనూ ఉన్న మాట ఒక్కటీ లేదు. పైగా తను ‘దిగు’ అనేది సోఫా మీంచి దింపడానికి, మనిషి మీంచి దింపడానికి, మెట్లు దిగడానికి కూడా. ‘ఇటు రా’ అని పిలిచేది స్నానం చేయించేటప్పుడూ, తిట్టేటప్పుడూ. ఆ పిలుపుకి వాడు ఎందుకొస్తాడు? నేను ‘వద్దురా వద్దురా’ అంటూనే వాడి తల నిమురుతుంటాను. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ‘వీడు మొండివాడు కాదండీ. మీ ఇద్దరి దగ్గరా పది మాటలు నేర్చుకోలేక అలిసిపోయాడు’ అన్నారు.

ఆవిడ అలా అనగానే నాకు బస్సు గుర్తొచ్చింది. ఆర్టీసీలో తాడు ఒకసారి లాగి ఒక గంట కొడితే ఆగాలి, రెండు గంటలు కొడితే కదలాలి. నోటితో అయితే ‘హోల్డాన్’, ‘రైట్ రైట్’. నేను ఎంతమంది డ్రైవర్లతో పనిచేశానో లెక్కలేదు. కొందరితో మాటలు కూడా లేవు. అయినా వంద మంది ప్రాణాలు పెట్టుకుని రావులపాలెం వంతెన మీద బండి నడిచిందంటే ఆ గంటకి అర్థం ఇద్దరికీ ఒకటే కావడం వల్ల. ఒక రోజు రెండు గంటలకి ఆగి, మర్నాడు కదిలితే ఏమవుతుంది? అన్నేళ్లు అంత జాగ్రత్తగా గంట కొట్టినవాణ్ణి ఇంట్లో మాత్రం ఆ నియమం పాటించలేదు.

ఆ సాయంత్రం పాత క్యాలెండరు కాగితం వెనక ఇద్దరం కలిసి రాసుకున్నాం. పేరు ఒకటే, మోతీ. మాటలు ఐదే. కూర్చో, ఆగు, రా, కింద, రైట్. చివరిది మా ఆవిడే చెప్పింది. కూర్చున్నవాణ్ణి, ఆగినవాణ్ణి ఇక కదలొచ్చని వదలడానికి ఒక మాట కావాలని డాక్టరమ్మ అన్నారు. ‘మీ నోట్లో ముప్పై ఏళ్లు నానిన మాట ఉండగా వేరేదెందుకండీ’ అని తనే ‘రైట్’ అని రాసింది. ప్రతి మాటకీ ఒక చేతి సైగ పెట్టుకున్నాం. కూర్చోమంటే అరచెయ్యి పైకెత్తడం, ఆగమంటే అరచెయ్యి వాడి ముఖం వైపు చూపించడం, రమ్మంటే తొడ మీద చరవడం. కుక్కలు మాట కంటే సైగ త్వరగా పట్టుకుంటాయి. నా గొంతు బండది, తనది సన్నం. సైగ మాత్రం ఇద్దరిదీ ఒకేలా ఉంటుంది.

నియమాలు కూడా రాసుకున్నాం. మాట ఒక్కసారే చెప్పాలి. ‘కూర్చో కూర్చో కూర్చో’ అంటే మూడోదానికే కూర్చోవాలని వాడు నేర్చుకుంటాడు. ‘రా’ అని పిలిచి ఎప్పుడూ తిట్టకూడదు. స్నానం చేయించాలంటే మనమే వాడి దగ్గరికి వెళ్లాలి. గొలుసు లాగితే అక్కడే నిలబడిపోవాలి, వదులు చేశాకే అడుగు వేయాలి, పట్టుకున్నది ఎవరైనా సరే. ఒకరు చెబుతుంటే రెండోవారు నోరు మెదపకూడదు. తప్పనిపిస్తే వాడి ముందు కాదు, తర్వాత అరుగు మీద కూర్చుని మాట్లాడుకోవాలి. ఈ చివరిది కుక్క కంటే మాకే కష్టమైంది.

మీద పడటం మాన్పించడానికి డాక్టరమ్మ చెప్పింది విడిగా రాస్తాను, చాలామందికి పనికొస్తుంది. గెంతగానే అరవకూడదు, తొయ్యకూడదు. అరుపూ తోపూ కూడా వాడికి ఆటే. వెంటనే చేతులు కట్టుకుని వీపు తిప్పేయాలి. కళ్లలోకి చూడకూడదు. నాలుగు కాళ్లూ నేల మీద ఆనిన క్షణంలో తిరిగి, వంగి, పలకరించి ఒక ముక్క పెట్టాలి. ఉప్పూకారం లేకుండా ఉడకబెట్టిన కోడి కార్జం, గోరంత ముక్కలు. నేను, మా ఆవిడ, పనికొచ్చే అమ్మాయి, పాలబ్బాయి, అందరూ ఇదే చెయ్యాలి. రోజుకి రెండు పూటలా ఐదేసి నిమిషాలు. అంతకంటే ఎక్కువ చేస్తే వాడికీ విసుగే.

మొదటి నాలుగైదు రోజులు అంతకుముందు కంటే ఘోరంగా గెంతాడు. వీపు మీద గోళ్లు గీరుకుపోయాయి. ఇది పనిచేయదన్నాను. ‘ఇప్పుడు వదిలేస్తే ఇంతకంటే గట్టిగా గెంతితే దొరుకుతుందని నేర్పినవాళ్లం అవుతామండీ’ అని మా ఆవిడే నిలబడింది. అన్నం దగ్గర మాత్రం తనే జారింది. వాడు గడప అవతల కూర్చుని కళ్లు చికిలించి చూస్తుంటే తట్టుకోలేక ఒక రాత్రి చేపముక్క పెట్టేసింది. వారం పాటు గడప దాటనివాడు మర్నాడు బల్ల కిందకి వచ్చేశాడు.

ఒక్కసారికే అంతనా అని తను బాధపడింది. బెంగళూరులో ఉన్న మా అమ్మాయి ఫోనులో చెప్పింది, స్కిన్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ఎలుకలతో చూశాడట. మీట నొక్కినప్పుడల్లా తిండి దొరికిన ఎలుక, తిండి ఆగిపోతే తొందరగానే నొక్కడం మానేస్తుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే దొరికిన ఎలుక చాలాసేపు నొక్కుతూనే ఉంటుంది. నాకు ఎలుక కంటే మా రూటే బాగా అర్థమవుతుంది. స్టాపు కాని చోట ఎవరో ఒక డ్రైవరు జాలిపడి ఒక్కరోజు బండి ఆపుతాడు. ఆ మనిషి మర్నాటి నుంచి రోజూ అక్కడే నిలబడి చెయ్యెత్తుతాడు. ఆపనివాణ్ణి తిడతాడు. ఆపింది ఒకరు, తిట్లు తిన్నది ఇంకొకరు. ఇందులో ఆ మనిషి తప్పేముంది? ఆగుతుందని మనమే చెప్పాం కదా. ఇంట్లో భార్యాభర్తల్లో ఒకరు ఆపి, ఒకరు ఆపకుండా పోతుంటే కుక్క కూడా అలాగే అడుగుతూ ఉంటుంది. ఎంత తక్కువసార్లు దొరికితే అంత పట్టుగా అడుగుతుంది. దాన్ని మొండితనం అని పేరుపెట్టి వీధిలో వదిలేస్తున్నాం.

మాకు దాదాపు మూడు నెలలు పట్టింది. ఇప్పుడు గుమ్మంలో ఎవరు నిలబడినా వాడు వచ్చి కూర్చుంటాడు. తోక నేలకేసి కొట్టుకుంటూ ఉంటుంది, వెనక భాగం మాత్రం లేవదు. మొన్న సంక్రాంతికి మా అత్తగారు వచ్చినప్పుడు మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఆవిడ గుమ్మం బయటే ఆగిపోయారు. వాడు లోపల కూర్చుని ఆవిడ ముఖంలోకి చూశాడు. మా ఆవిడ అరచెయ్యి కూడా ఎత్తలేదు. ఆవిడ గోడ పట్టుకుని నెమ్మదిగా లోపలికొచ్చి, విరిగి అతికిన ఆ కుడిచేత్తోనే వాడి నుదురు తాకారు. పేపరు చప్పుడుకి వాడు మంచం కింద దూరడం మానడానికి మాత్రం ఇంకా ఎక్కువ కాలం పట్టింది. రోజూ పేపరు విప్పేముందు ఒక ముక్క నేల మీద పెట్టి, వాడు వచ్చేదాకా ఆగేవాణ్ణి. అది నేను చేసిన గాయం, నేనే మాన్పాలి.

ఇక నా విన్నపం. కార్పొరేషన్లు పెంపుడు కుక్కలకి లైసెన్సులు ఇస్తాయి. ఆ దరఖాస్తులో యజమాని అని ఒకే పేరు రాయిస్తారు. బ్యాంకులో జాయింటు అకౌంటుకి ఇద్దరి సంతకాలూ అడుగుతారు కదా, ఇక్కడ కూడా ఇంట్లో ఉండే భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయించాలి. మొదటి టీకాకి ఇద్దర్నీ రమ్మని చెప్పి, డాక్టరమ్మ మాకు చేసినట్టు చెరో కాగితం ఇచ్చి పది నిమిషాలు రాయిస్తే చాలు. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు. పెళ్లయిన కొత్తలో ముచ్చటపడి వేలు పోసి జాతి కుక్కపిల్లల్ని కొంటున్న పిల్లలకి కూడా చెబుతున్నాను, పిల్లని తెచ్చే ముందు రోజే ఐదు మాటలు రాసుకోండి. తెచ్చాక రాసుకుందామనుకుంటే ఎవరి ముద్దు వారిదే అవుతుంది, మాకు అయినట్టు.

ఏటా జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల గురించి చెప్పే రోజు. పాశ్చర్ 1885లో మొదటిసారి ఒక పిల్లవాడికి రేబిస్ టీకా వేసిన రోజు అది. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా టీకా వేస్తారు. ఆ ముందు రోజు మీ పత్రికలో, కుక్కతో పాటు ఇంట్లో ఇద్దరూ రండి అని రెండు వాక్యాలు వేయండి. మేము రాసుకున్న ఐదు మాటలూ నియమాలూ ఉన్న కాగితం జిరాక్సులు తీయించి, ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి మా ఆస్పత్రి వరండాలో మేమిద్దరం కూర్చుంటాం. డాక్టరమ్మ ఒప్పుకున్నారు. మోతీని కూడా తీసుకొస్తాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆర్టీసీ కండక్టరు,
రాజమహేంద్రవరం.